ఐసు ఫ్యాక్టరీ గోడ వెనక అమోనియా

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మా అమ్మ "గ్యాసు వాసన చూసే పని" అని చెప్పేది. ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివి, హైదరాబాదులో ప్రయోగశాలలో పనిచేసే కూతురి గురించి చెప్పాల్సిన మాటేనా అది అని నేను రుసరుసలాడేదాన్ని. రిటైరయ్యాక తీరిగ్గా ఆలోచిస్తే ఆమె ఒక్క ముక్క కూడా తప్పు చెప్పలేదు. జీవితమంతా నేను చేసింది అదే. కాకపోతే ముక్కుతో కాకుండా గాజు తీగతో చేశాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను సెన్సర్ల గురించి అడుగుతుంటారు. అవి మీ పుస్తకాల్లో నాకంటే బాగా రాసి ఉన్నాయి. ప్రమోషన్లు, సెమినార్లు, శాలువాల గురించి రాయబోతే నాకే నిద్రొస్తుంది. అందుకని ఒకే ఒక్క సంగతి రాస్తాను. అది ఎనభైల నడుమ ఆదోనిలో మొదలై ఎమ్మిగనూరులో ముగిసింది. నేను చూసింది నిజమేనా అని ఇన్నేళ్ల తర్వాత కూడా అప్పుడప్పుడు నన్ను నేనే అడుగుతుంటాను.

గంధకం పుల్ల, గాజు తీగ

డెబ్బైల్లో నేను చేరినప్పుడు అమోనియా లీకు పట్టడానికి గంధకం పుల్లలు ఉండేవి. పుల్ల వెలిగించి పైపుల పక్కన తిప్పితే లీకున్న చోట తెల్లటి పొగ లేస్తుంది. పొగ లేచిందంటే దొరికినట్టు. అంతలో ఆ పుల్ల పట్టుకున్నవాడు దగ్గి దగ్గి సగం చచ్చేవాడు. ఇదేం పద్ధతండీ అని అడిగితే సీనియర్లు నవ్వి, మేమూ ఇలాగే నేర్చుకున్నాం అనేవాళ్లు. అలా నవ్వే సీనియర్లు మీకూ తగులుతారు. వాళ్ల నవ్వును పట్టించుకోకండి.

భోపాల్ తర్వాత విషవాయువులంటే అందరికీ భయం పట్టుకుంది. మా ప్రయోగశాలకు కూడా అప్పుడే కాస్త డబ్బు, కాస్త గౌరవం వచ్చాయి. మేం చేసింది గాజు తీగ సెన్సరు. వెంట్రుక కన్నా కాస్త లావుండే తీగ. ఒక కొసన చిన్న దీపం వెలుతురు పంపితే రెండో కొసన బయటికి వస్తుంది. నడుమ జానెడు మేర పైతొడుగు గీకేసి రంగు పూత పూస్తాం. పూత మామూలుగా పసుపు పచ్చగా ఉంటుంది, అమోనియా తగిలితే ఊదా రంగుకు తిరుగుతుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడడం మన ఆడవాళ్లందరికీ తెలుసు, ఇది దాని చెల్లెలి లాంటిది. రంగు మారగానే తీగలో పోయే వెలుతురు తగ్గుతుంది. ఎంత తగ్గిందన్నదాన్ని బట్టి రెండో కొసకు తగిలించిన పెట్టెలో ముల్లు పైకి లేస్తుంది. గ్యాసు పోతే పూత మళ్లీ పచ్చబడుతుంది, ముల్లు కిందికి దిగుతుంది.

ముల్లు వెనకున్న అట్ట మీద నేనొక ఎర్ర గీత గీశాను. ముల్లు ఆ గీత దాటితే చేతిలో ఏ పనున్నా వదిలేసి బయటికి పరుగెత్తాలి. అంతకుమించి మనిషి అక్కడ నిలబడకూడదు. ఆ పెట్టెలో చదువురానివాడికి కూడా పనికొచ్చే భాగం ఏదైనా ఉందంటే అది ఆ గీతే.

ప్రయోగశాలలో అది చక్కగా పనిచేసింది. ప్రయోగశాలలో అన్నీ చక్కగానే పనిచేస్తాయి. దుమ్ములో, చెమ్మలో, ఉప్పునీళ్ల మధ్య పనిచేస్తుందో లేదో చూడాలంటే అమోనియాతో నడిచే చోట పెట్టాలి. మాది ఆస్పరి. అక్క అక్కడే ఉండేది. అందుకని మా సెక్షన్ హెడ్ మూర్తి గారు "నీ ఊరి పక్కనే కదా, నువ్వే వెళ్లు" అని నా నెత్తిన పెట్టారు. ఆదోనిలో ఒక ఐసు ఫ్యాక్టరీ, ఎమ్మిగనూరులో ఒక పాలు చల్లబరిచే కేంద్రం. రెండూ అమోనియాతోనే నడుస్తాయి.

గ్యాసు మాబన్న

ఐసు ఫ్యాక్టరీ జిన్నింగు మిల్లుల వరస దాటాక ఉండేది. గాలిలో పత్తి నూగు, లోపల అడుగు పెడితే ఐసు డబ్బాలు మునిగి ఉండే ఉప్పునీటి చలి, దానిమీద ముక్కుపుటాలు కోసే ఘాటు. యజమాని శెట్టి గారు మంచి మాటకారి. యంత్రం నడిపేది మాబు సాబు. యాభై దాటిన మనిషి, ఎర్రటి కళ్లు, భుజం మీద ఎప్పుడూ ఒక తువ్వాలు. ఊరంతా ఆయన్ని గ్యాసు మాబన్న అనేది. గ్యాసు యంత్రం నడుపుతాడు కాబట్టి ఆ పేరు వచ్చిందనుకున్నాను.

నా పెట్టె చూసి ఆయన నవ్వాడు.

"వాసన పట్టేదానికి ఇంత పెట్టె యేమిటికమ్మా? మాకు ముక్కు ల్యాదా?"

"రోజూ పీల్చేవాళ్లకు ముక్కు మొద్దుబారిపోతుంది మాబన్నా. కొంచెం కొంచెం లీకవుతున్నా తెలియదు."

"అదీ నిజమేలే. మా ఇంట్లో సియ్యలకూర వాసన గూడా నాకు తెలీదు. ఇదేంది, ఈ ఎర్రగీత?"

చెప్పాను. ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు. "గీత దాటితే ఉరకాల. ఏం పనున్నా ఇడిసిపెట్టి ఉరకాల. అంతే గదా?" అని నా చేత రెండుసార్లు అవుననిపించుకున్నాడు. నాకు ముచ్చటేసింది. మా ప్రయోగశాలలో పెద్ద డిగ్రీలున్నవాళ్లు కూడా ఆ గీతను అంత మర్యాదగా చూడలేదు.

ఇక్కడ ఒక పని గురించి చెప్పాలి. అమోనియా యంత్రంలోకి ఎలాగో బయటి గాలి చేరుతుంది. చేరితే చల్లదనం తగ్గుతుంది. అందుకని దాన్ని రోజూ కాస్త బయటికి వదలాలి. గాలితోపాటు గ్యాసూ వస్తుంది కాబట్టి రబ్బరు గొట్టం కొసను బకెట్టు నీళ్లలో ముంచి వాల్వు తెరుస్తారు. అమోనియా నీళ్లలో కరిగిపోతుంది, గాలి బుడగలుగా పోతుంది. ఫ్యాక్టరీ వెనక సందు వైపు గోడ దగ్గర మాబన్న రోజూ పొద్దున్నే ఈ పని చేసేవాడు. నా గాజు తీగను ఆ గోడకే వేలాడదీశాను. లోపలి గదిలో ముల్లున్న పెట్టె, దానికి తగిలించి కాగితం మీద గీత గీసే యంత్రం పెట్టాను.

నేను ఆస్పరి నుంచి బస్సులో వచ్చేసరికి ఐసు బండ్లన్నీ వెళ్లిపోయి ఉండేవి. వచ్చి కాగితం చూస్తే పొద్దుటిపూట ఒక కొండ. గీత సాఫీగా వస్తూ వస్తూ ఉన్నట్టుండి పైకి లేచి, ఎర్ర గీత దాటి, దిగి, మళ్లీ లేచి, మళ్లీ దిగి ఉంటుంది. ఆ తర్వాత రోజంతా కుదురుగా ఉంటుంది. రోజూ ఇదే వరస.

ఎండ అనుకున్నాను. గోడ తూర్పు వైపుది. పొద్దుటి ఎండ ఏటవాలుగా తీగలోకి దూరి వెలుతురు లెక్క తప్పిస్తోందని నా ఊహ. హైదరాబాదుకు ట్రంకాల్ చేస్తే మూర్తి గారూ అదే అన్నారు. రేకు డొప్ప చేయించి కప్పాను. కొండ పోలేదు. నల్లగుడ్డ చుట్టాను. అయినా పోలేదు.

"ఆ పొద్దుటి ముక్క కత్తిరించేసి మిగతాది పంపు. సెన్సరు బ్రహ్మాండంగా ఉందని రాద్దాం" అన్నారు మూర్తి గారు.

నేను కత్తెర తీయబోతూ ఆగాను. శుక్రవారాల కాగితం మీద కొండ లేదు. ఏ శుక్రవారమూ లేదు. సూర్యుడికి శుక్రవారం సెలవు ఉండదు కదా! సెలవున్నది మాబన్నకు. ఆ రోజు ఇంకొకాయన వచ్చి యంత్రం చూసుకునేవాడు. అంటే మాబన్న పొద్దున్నే ఏదో నిర్లక్ష్యంగా చేస్తున్నాడు, గొట్టం నీళ్లలో ముంచడం లేదు కాబోలు అనుకున్నాను. పట్టుకుని నాలుగు చీవాట్లు పెడదామని మర్నాడు మొదటి బస్సెక్కాను.

సందులో వరస

ముందు గేటు నుంచి కాకుండా వెనక సందులోంచి వెళ్లాను. సందు నిండా ఆడవాళ్లు. పొలం పనికి పోయే చీరల్లో కొందరు, బురఖాల్లో కొందరు. అందరి చంకల్లో పిల్లలు, ముక్కులు కారుతూ, దగ్గుతూ, కొంగులు పట్టుకుని గునుస్తూ. ఐసు ముక్కల కోసం వచ్చారేమో అనుకుని ముందుకు పోబోతే ఒకామె నా చెయ్యి పట్టి ఆపింది.

"యాడికి పోతాండావక్కా? వరస ఈడినుంచి ఉండాది. నీ బిడ్డ యాడ?"

"బిడ్డ ఎందుకు? దేనికి ఈ వరస?"

ఆమె నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "గ్యాసుకు."

తల పైకెత్తి చూశాను. గోడ దగ్గర మాబన్న స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఒక తల్లి పిల్లాణ్ణి ఎత్తి ఆయన ముందు పట్టింది. మాబన్న బకెట్టులోంచి గొట్టం పైకి తీసి, నీళ్లు విదిలించి, పిల్లాడి మొహానికి దగ్గరగా పెట్టాడు. రెండో చేత్తో వాల్వు కాస్త తిప్పాడు. బుస్సుమంది. పిల్లాడు గిలగిల కొట్టుకుని, కళ్లు మూసుకుని, గుక్కపట్టాడు. ముక్కులోంచి, కళ్లలోంచి నీళ్లు ధారలు కట్టాయి. తల్లి మొహం వెలిగిపోయింది.

"తెగినాది సూడన్నా, కపమంతా తెగినాది. నీ సెయ్యి సల్లగుండ!"

కొన్ని క్షణాలు నేను చూస్తున్నదేమిటో నాకే అర్థం కాలేదు. నా రేకు డొప్ప కింద నా గాజు తీగ ఆ పిల్లాడి తలకు మూరెడు ఎత్తున వేలాడుతోంది. మాబన్న తర్వాతి బిడ్డ వైపు గొట్టం తిప్పుతున్నాడు. అప్పుడు అరిచాను.

"మాబన్నా! వాల్వు మూసెయ్! మూసెయ్!"

ఆయన అదిరిపడి మూసేశాడు. లేచి నిలబడి పైపులన్నీ కంగారుగా చూశాడు.

"ఏమైందమ్మా? లీకా? యాడ? యాడ లీకు?"

ఆ మనిషికి నిజంగానే తెలియదు. దొంగతనంగా చేస్తున్న పని కాదది. ఆయన దాచలేదు, శెట్టి గారు దాచలేదు, పక్క మిల్లువాళ్లు దాచలేదు. ఇది నాకు చెప్పాల్సిన సంగతి అని ఎవరికీ తోచలేదు, అంతే. నేను ఎండ మీద నింద వేసి రేకు డొప్పలు చేయించుకుంటూ కూర్చున్నాను. రోజూ పొద్దున్నే ఈ గోడ దగ్గర ఏం జరుగుతుందని ఒక్కరినైనా అడగలేదు. పిల్లలూ, మీ పరికరం వింతగా ప్రవర్తిస్తే ముందు దాని ఎదురుగా ఎవరు నిలబడి ఉన్నారో వెళ్లి చూడండి. స్క్రూడ్రైవరు తర్వాత తీయవచ్చు.

నవసాగరం

ఆ పొద్దు వరసను పంపించేసి మాబన్నతో కూర్చున్నాను. గ్యాసు మాబన్న అనే పేరు ఎలా వచ్చిందో అప్పుడు తెలిసింది.

"సిన్నప్పుడు మా అమ్మ నవసాగరంలో సున్నం కలిపి గుడ్డలో కట్టి వాసన సూపించేది. పడిశం వస్తే అదే మందు. నేను ఈడ పనికి సేరినాక సూస్తే ఇదీ అదే వాసన. ఆ గుడ్డకన్నా ఇది జోరుగా ఉండాది. మా వీధిలో ఒక బిడ్డకు ఇస్తే ముక్కు తెరుసుకున్యాది. ఇంగ ఊరంతా తెలిసిపాయ. ఒక్క పైసా తీసుకోనమ్మా. సవాబు గదా అని ఇస్తాండాను."

సవాబు అంటే పుణ్యం. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. నవసాగరంలో సున్నం కలిపితే వచ్చే ఘాటు అమోనియాదే. గుడ్డమూటలోంచి వచ్చేది చిటికెడు, గొట్టంలోంచి వచ్చేది వరద, అంతే తేడా. ముక్కు తెరుచుకోవడం కూడా నిజమే. లోపలి చర్మం కాలుతుంటే నీళ్లు కారక ఏం చేస్తాయి? ఈ మాట నేను చెబుతుంటే ఆయన తల ఊపుతూ వింటున్నాడు గానీ నమ్మడం లేదని మొహం చెబుతూనే ఉంది.

అప్పుడే ఒక పిల్ల వచ్చి ఆయన మోకాళ్ల మధ్య నిలబడింది. అయిదేళ్లుంటాయేమో. పేరు నూరీ, ఆయన కూతురి బిడ్డ. కూతురు జిన్నింగు మిల్లులో పత్తి ఏరే పనికి పోతుంది కాబట్టి పిల్ల తాత దగ్గరే ఉండేది. తల్లివైపు తాతను వాళ్లిళ్లలో నానా అంటారు. "నానా" అని పిలిచి ఏదో అడగబోయి పిల్ల ఆగింది. మాట మధ్యలో ఊపిరి అందలేదు. ఛాతీలోంచి పిల్లికూతలు నాకు వినబడ్డాయి.

"ఎప్పటినుంచి ఇలా?"

"వానలు మొదులైనప్పటినుంచి. మిల్లు నూగు పడదేమో దీనికి. అందురికీ ఒకటి రెండు రోజులిస్తే సాలు. దీనికి తగ్గల్యా. అందుకే రోజూ ఇస్తాండా."

రోజూ. ఆ ఒక్క మాట విని నేను లేచి నిలబడ్డాను. మళ్లీ కూర్చున్నాను. తర్వాత ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు. అరిచానని శెట్టి గారు తర్వాత చెప్పారు.

పసుపు గుడ్డ

మాటలతో కాదు, కళ్లకు చూపిస్తే నమ్ముతారనుకున్నాను. ఫిజిక్సు చదివినవాళ్లకు ఉండే అహంకారం అది. మర్నాడు పసుపు నీళ్లలో తడిపిన తెల్లగుడ్డ తీసుకెళ్లాను. వరసలోని ఆడవాళ్లను దగ్గరికి పిలిచి, బిడ్డలెవరినీ రానివ్వకుండా, గొట్టం ముందు గుడ్డ పట్టి మాబన్నను వాల్వు తెరవమన్నాను. పచ్చటి గుడ్డ చూస్తుండగానే నెత్తురులా ఎర్రబడింది.

"చూశారా! గుడ్డకే ఇలా అయితే, మీ బిడ్డల ముక్కుల్లో, గొంతుల్లో ఏమవుతుందో ఆలోచించండి."

అందరూ నోళ్లు తెరిచి చూశారు. నాలో గర్వం పొంగింది. గాలి తగిలి గుడ్డ మెల్లగా మళ్లీ పచ్చబడడం మొదలైంది. ముందు నిలబడ్డ ఒక ముసలమ్మ చెంపలు వేసుకుంది.

"దిష్టి! సూడండే, దిష్టి నీళ్ల మాదిరి ఎట్ల ఎర్రగైందో! గ్యాసు దిష్టిని గుంజి పారేస్తాంది. అగో, పాయ, మళ్లా పచ్చగైపాయ!"

నేను తెల్లమొహం వేశాను. పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్లతోనే ఇక్కడ ప్రతి ఇంట్లో బిడ్డలకు దిష్టి తీస్తారు. నేను పుట్టి పెరిగిన చోటే ఇది. మా అమ్మ నాకు ఎన్నిసార్లు తీసిందో లెక్కలేదు. అయినా గుడ్డ తడిపేటప్పుడు నాకు ఆ సంగతి తట్టనే లేదు. కాదమ్మా, కాదు, అని నెత్తీనోరూ కొట్టుకున్నాను. ఒక్కరూ చెవిన వేసుకోలేదు. మర్నాటికి సందులో వరస రెట్టింపయింది. ఆలూరు వైపు నుంచి కూడా వచ్చారు. పసుపు గుడ్డలు ఎవరివి వాళ్లే తడిపి తెచ్చుకున్నారు. "నా బిడ్డకు గుడ్డ పట్టి సూపించు మేడమూ" అని నన్నే బతిమాలారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఎర్ర గీత

ఇక మిగిలింది మాబన్న ఒక్కడే. ఆయన నమ్మితే వాల్వు ఆగుతుంది. ముల్లున్న పెట్టెను లోపలి గదిలోంచి సందులోకి మోసుకొచ్చి స్టూలు పక్కనే పెట్టాను. గాజు తీగను గోడ మీద నుంచి తీసి, బిడ్డ మొహం ఉండే చోట నా చేత్తో పట్టుకున్నాను, మొహం పక్కకు తిప్పుకుని.

"రోజూ ఎంత తిప్పుతావో అంతే తిప్పు మాబన్నా. ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. తిప్పి, ముల్లు చూడు."

ఆయన తిప్పాడు. ముల్లు లేచింది. ఎర్ర గీత దాటి పోయి అట్ట చివర కొట్టుకుని అక్కడే నిలిచిపోయింది.

మాబన్న గొట్టం బకెట్టులో పడేసి, వాల్వు మూసి, పరుగెత్తాడు. నేను నేర్పిన ప్రకారం, చేతిలో ఏ పనున్నా వదిలేసి, సందు చివరిదాకా పరుగెత్తాడు. అక్కడ ఆగి వెనక్కి తిరిగాడు. తనెందుకు పరుగెత్తాడో అప్పుడు ఆయనకు అర్థమయింది. ఆ మొహం నేను మరిచిపోలేను. రక్తమంతా ఎవరో తోడేసినట్టు పాలిపోయింది. మెల్లగా నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"గీత దాటితే నన్ను ఉరకమన్నావు గదమ్మా. నేను ఉరికితి. ఆ బిడ్డలు యాడికి ఉరకాల? వాళ్లని గట్టిగ పట్టుకోండని సెప్తాంటి గదా నేనే!"

ఆయన స్టూలు మీద కూలబడి, "నూరీని నేనే పట్టుకుంటి, నేనే పట్టుకుంటి" అని గొణుగుతూ ఉండిపోయాడు. ఆ పిల్లను కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు మమ్మల్నిద్దరినీ నిలబెట్టి తిట్టాడు. ఊపిరిగొట్టం వాచి పుండైపోయిందని, ఇప్పటికైనా ఆపారు కాబట్టి ప్రాణానికి భయం లేదని, ఊపిరి మాత్రం ఎంతవరకు బాగవుతుందో చెప్పలేనని అన్నాడు.

మాబన్న ఆ రోజు నుంచి గొట్టాన్ని బకెట్టులోంచి పైకి తీయలేదు. ఊరికి కోపమొచ్చింది. గ్యాసు మాబన్నకు పొగరెక్కిందన్నారు. శెట్టి గారు నన్ను పిలిచి "ఐసు ఎవరైనా అమ్ముతారమ్మా, మాకు ఊర్లో ఉన్న మంచి పేరంతా ఆ వరసతో వచ్చిందే" అన్నారు. ఆయనది వ్యాపారం, పోనీలే అనుకున్నాను. మూర్తి గారి మాట మాత్రం నేను జీర్ణించుకోలేకపోయాను. ఫోనులో అంతా విని, "మన పని తీగ పనిచేస్తుందా లేదా అన్నదే. జనం ఏం పీలుస్తున్నారన్నది మన పని కాదు. కొండలకు కారణం దొరికింది కదా, ఇక ఎమ్మిగనూరు చూసుకో" అన్నారు.

ఆయన చెడ్డవారు కాదు. నాకు పని నేర్పింది ఆయనే. కానీ ఆ మాట విన్నాక ఆయన ముందు కూర్చుని టీ తాగాలంటే నాకు మనసొప్పేది కాదు. గ్యాసును కొలిచేవాడికి ఆ గ్యాసు పీల్చేవాడు పట్టకపోతే ఆ కొలత దేనికి? ఈ ఉద్యోగంలో మీకు రెండు రకాల మనుషులు కనిపిస్తారు. తెలియక హాని చేసేవాళ్లు, తెలిసీ తమది కాదనుకునేవాళ్లు. మొదటి రకంతో ఓపిక పట్టండి. రెండో రకం అధికారి అయినా సరే, మొహం మీదే చెప్పండి. నేను చెప్పాను.

ఎమ్మిగనూరు బస్సు

ఎమ్మిగనూరు పాల కేంద్రానికి పెట్టె మోసుకుని ఆదోనిలో బస్సెక్కాను. బస్సు నిండా చంటిపిల్లల తల్లులు. పక్కూర్లో జాతరేమో అనుకున్నాను. ఎమ్మిగనూరులో దిగితే వాళ్లూ నాతోపాటే దిగారు. నేను నడిచిన దారిలోనే నడిచారు. పాల కేంద్రం వెనక షెడ్డు దగ్గర నిలబడి చూశాను. మళ్లీ వరస. ఆదోని సందులో నన్ను చెయ్యి పట్టి ఆపిన ఆమే అందరికంటే ముందుంది.

"ఆదోనిలో ఇస్తాల్యా. నువ్వొచ్చి మాన్పించినావంట గదా. ఈడా అదే గ్యాసంట. అందుకే ఇంత దూరం వస్తాండాం" అంది నిష్ఠూరంగా.

అక్కడి ఆపరేటరు నడివయసు మనిషి, మెతక మనిషి. "బిడ్డల్నెత్తుకోని బస్సుల్లో వచ్చినారు మేడం, వట్టి సేతుల్తో ఎట్ల పంపాల?" అన్నాడు. ఒక చోట ఆపితే ఇంకోచోట లేస్తుందని నా ఊహకు కూడా అందలేదు. కేంద్రం మేనేజరుకు చెప్పి ఆ పూటకు ఆపించగలిగాను. రేపు? ఎల్లుండి? సాయంత్రం ఆదోనికి తిరిగొచ్చి మాబన్నకు చెప్పాను. "నేనొస్తా" అన్నాడాయన.

మర్నాడు నూరీని కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. ఇంట్లో చూసేవాళ్లు లేరు. వరస అప్పటికే షెడ్డు చుట్టూ తిరిగి ఉంది. మాబన్నను చూసి వాళ్ల మొహాలు విచ్చుకున్నాయి. ఆయనే ఇవ్వడానికి వచ్చాడనుకున్నారు.

"అమ్మా, నా మాట ఇనుకోండి. ఇది మందు కాదు, ఇసం. నా సేత్తో ఇచ్చినా మీకు. నాకు తెలీక ఇచ్చినా. బిడ్డల్ని ఇంటికి ఎత్తుకోని పోండి" అన్నాడు.

ముందున్నామె ఒప్పుకోలేదు. "నీ మనవరాలికి రోజూ ఇచ్చినావు గదన్నా. సూడు, నిమ్మళంగా నడిసి వచ్చినాది. నీ బిడ్డకైతే మందు, మా బిడ్డలకైతే ఇసమా?"

మిగతావాళ్లూ అందుకున్నారు. మాబన్న గొంతు వాళ్ల గొంతుల్లో మునిగిపోయింది. ఆ గొడవతో తనకు సంబంధం లేనట్టు ఆపరేటరు తన రోజువారీ పనికోసం గొట్టం బకెట్టులో ముంచి వాల్వు తెరిచాడు. బుస్సుమని చప్పుడైంది.

ఆ చప్పుడు విని నూరీ తాత చెయ్యి వదిలింది. ఆడవాళ్ల మధ్యనుంచి దూరి ముందుకు పోయి బకెట్టు ఎదుట నిలబడింది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. కళ్లు గట్టిగా మూసుకుంది. మొహం పైకెత్తి, నోరు తెరిచి, గొట్టం కోసం ఎదురుచూస్తూ నిలబడింది. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ రమ్మనలేదు. ఏడవకుండా ఇలా నిలబడితే బెల్లం ముక్క ఇస్తానని తాత దానికి నేర్పాడట.

అందరూ ఒక్కసారిగా నోరు మూసుకున్నారు. ఆ నిశ్శబ్దంలో ఆ పిల్ల ఛాతీలోంచి పిల్లికూతలు వరస చివరిదాకా వినబడ్డాయి.

ఆపరేటరు గబుక్కున వాల్వు కట్టేశాడు. మాబన్న పడుతూ లేస్తూ పోయి పిల్లను లాక్కుని, తువ్వాలు దాని మొహానికి అడ్డం పెట్టి గుండెకు అదుముకున్నాడు. తువ్వాలు సందులోంచి దాని గొంతు వినిపించింది.

"నానా, గ్యాసు ఇంగా ఇయ్యల్యా గదా. నేను ఏడ్వల్యా గదా?"

ముందున్నామె ఆ పిల్లనే చూస్తూ ఉండిపోయింది. తర్వాత చంకలోని బిడ్డ మొహాన్ని కొంగుతో పూర్తిగా కప్పి గేటు వైపు నడిచింది. ఆమె వెనక ఇంకొకామె, ఆ వెనక మిగతావాళ్లు. చూస్తుండగానే షెడ్డు ఖాళీ అయింది. మాబన్న ఒక్కడే ఆ పిల్లను ఒళ్లో పెట్టుకుని బకెట్టు పక్కన నేల మీద కూర్చుండిపోయాడు.